ఇంటిబండికి ఇంధనపు మజిలీలు

పూర్వము దూరయాత్రకు బయలుదేరువారు మజిలీల లెక్క ముందుగా వేసికొనెడివారు. 1830–31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో ఏ మజిలీలో నీటివసతి యెట్టిదో, ఎచట అంగళ్ళున్నవో, బాట యెట్లున్నదో వివరముగా వ్రాసియుంచిరి. నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారు ఇంటిబండిపై తిరుగువారికిని అట్టి చింతయే కలదు. నీటికి బదులు ఇంధనము; అదియే భేదము.

అచటివారు ఆర్.వి. అని పిలుచు ఈ బండిలో వంటగది, పడకలు, స్నానపుగది అన్నియు నుండును. అచట స్థిరపడిన తెలుగువారిలో కొందరు వేసవి సెలవులలో దీనిని అద్దెకు తీసికొని, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులతో గూడ జాతీయోద్యానవనములు చూడబోవుచున్నారు. అట్టి ప్రయాణములు కొన్ని చేసిన మాకు తెలిసిన సంగతులు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

పెద్ద బండి నలువది అడుగులకు మించిన పొడవు, పన్నెండు పదుమూడడుగుల ఎత్తు ఉండును. వెనుక చిన్న కారును తగిలించినచో మొత్తము అరువది అడుగులు కావచ్చును. సామాన్యమైన పెట్రోలు బంకు పదునైదడుగుల కారుకొరకు కట్టినది. కనుక ఇంధనము దొరకుట యొక ప్రశ్న. దొరకినచోటికి బండి పోయి, మరల బయటకు రాగలుగుట వేరొక ప్రశ్న. రెండవదియే కష్టతరము.

ఒకసారి చిన్న పట్టణములోని బంకున మేమొక దృశ్యము చూచితిమి. నాలుగు చక్రములు నేలపై నుండునట్లు కారును లాగుచు ఒక ఇంటిబండి లోనికి వచ్చెను. ఎదుట దుకాణపు గోడ, ప్రక్కన పంపులు. అట్లు కారును తగిలించిన బండిని వెనుకకు నడుపరాదు. నడిపినచో కారు ముందు చక్రములు అడ్డముగా తిరిగి కొక్కెము విరుగును. పాప మాదంపతులు ఎండలో దిగి, కారును విప్పి, రెండును వేరువేరుగా బయటకు తీసిరి. వెనుక నిలిచిన కార్లు అంతవరకు వేచియుండవలసి వచ్చెను. లోనికి తిరుగుటకు ముందే బయటకు పోవు దారి చూచుకొనవలెనని అందుచే చెప్పుదురు.

ఈ ఇబ్బందిని గుర్తించియే అచటి రహదారి అధికారులు ఒక ఏర్పాటు చేసిరి. ఇంటర్‌స్టేట్ రహదారులపై, మలుపు రాకముందు, బంకుల గుర్తులు గల నీలిరంగు పలకలుండును. కొన్ని గుర్తుల ప్రక్కన పసుపుపచ్చని చిన్న వలయములో ఆర్.వి. అను అక్షరములు కానవచ్చును. 2009 నాటి జాతీయ రహదారి సంకేతముల గ్రంథములో దీనికి స్థానము కలదు. ఈ గుర్తు పొందు బంకులో పైకప్పు పదునాలుగడుగుల ఎత్తున నుండవలెననియు, బండి వెనుకకు నడుపకయే సూటిగా బయటపడగలుగవలెననియు నియమము. అన్ని రాష్ట్రములును దీనిని వాడుటలేదు. కనుక గుర్తు లేనంతమాత్రమున చోటు లేదని తలపరాదు.

మరియొక విశేషము. 1956 నాటి చట్టము ప్రకారము ఇంటర్‌స్టేట్ రహదారి సరిహద్దులలో బంకులు పెట్టరాదు. రహదారి దిగి పోవలసినదే. 1940లో తెరచిన పెన్సిల్వేనియా టర్న్‌పైక్ వంటి పాత సుంకపు బాటలు మాత్రము దీనికి మినహాయింపు. అచట విశాలమైన విశ్రాంతిస్థలములలోనే ఇంధనము లభించును.

పెద్ద లారీలు ఆగు ట్రక్ స్టాపులు మరియొక ఆధారము. కొన్నిట ఇంటిబండ్లకై ప్రత్యేకమైన వరుసలు కలవు. లారీల వరుసలో డీజెలు మాత్రమే లభించును. దాని గొట్టపుమూతి లావు గనుక చిన్న డీజెలు బండ్లలో పట్టకపోవచ్చును. పంపు పిడి రంగును నమ్మరాదు. పలుచోట్ల ఆకుపచ్చ పిడి డీజెలుకు గుర్తు, కాని ఒక కంపెనీవారు అదే రంగును పెట్రోలుకు వాడుదురు. పంపుపై అక్షరములు చదివిన పిమ్మటనే చేయి వేయవలెను.

లారీ వరుసలో నిలిచినపుడు మర్యాద యొకటి కలదు. అచటి డ్రైవరు విధికి వచ్చిన పదునాలుగు గంటలలోపల పదునొకండు గంటలు మాత్రమే బండి నడుపవలెనని చట్టము. మనము పంపుకడ బండి విడిచి కాఫీకి పోయినచో, వెనుకవాని జీవనాధారమగు కాలమును హరించినట్లే. నింపుకొనగానే ముందుకు జరిగి, తరువాతివానికి చోటీయవలెను.

ఇక దూరముల లెక్క. ఎనుబది గ్యాలనుల తొట్టి, అనగా సుమారు 300 లీటర్లు, గ్యాలనుకు ఎనిమిది మైళ్ళ చొప్పున 640 మైళ్ళకు చాలును. కాని ఎదురుగాలియు కొండదారియు ఈ లెక్కను తారుమారు చేయును. తొట్టి నాలుగవవంతుకు దిగినచో జనరేటరు నిలిచిపోవునట్లు పలు బండ్లలో ఏర్పాటు కలదు. అపుడు వృద్ధులకును శిశువులకును చల్లని గాలి యుండదు. యూటా రాష్ట్రములో గ్రీన్ రివర్, సలైనాల నడుమ నూరు మైళ్ళకు పైగా ఒక్క బంకును లేదు. కనుక సగము తొట్టి ఖాళీ కాగానే, తొందర లేనపుడే, మంచి చోటు చూచి నింపుకొనుట క్షేమము.

పంపు కార్డు తీసికొనుచు అయిదంకెల పోస్టల్ సంఖ్య అడుగవచ్చును. మన దేశపు కార్డులకు ఆ సంఖ్య కుదరదు. లోనికి పోయి చెల్లించుట సులభము. పెద్ద తొట్టి నిండకముందే, నిర్ణీతమైన మొత్తమునకు చేరి పంపు ఆగిపోవుటయు కలదు.

అన్నిటికంటె ముఖ్యము నిప్పు సంగతి. బండిలోని పొయ్యి, రిఫ్రిజిరేటరు, నీళ్ళకాగు ప్రొపేన్ వాయువుతో మండుచుండును. బంకులో అడుగిడుటకు ముందే ఆ మంటలను ఆర్పి, సిలిండరు మూయవలెను. బండి ఎత్తును పైకప్పుమీది ఎ.సి. యంత్రముతో సహా కొలిచి, ఆ అంకె డ్రైవరు కన్నులయెదుట అంటించవలెను. మలుపు తిరుగునపుడు బండి తోక ఎదురుదిక్కుకు ఊగి పంపు స్తంభమును తాకవచ్చును గనుక, ఇంటివారిలో ఒకరు క్రిందికి దిగి వెనుక నిలిచి చూడవలెను. మా కుటుంబమున ఈ పని పెద్దమ్మాయిది. ఆమె చేయి ఎత్తినగాని బండి కదలదు.