చేతికందు మాట
(పుదుచ్చేరిలో మన సంఘసభయందు చేసిన ప్రసంగపాఠము)



చూపులేనివారి చదువనగానే మనకు బ్రెయిలీ లిపియే స్ఫురించును. ఆరు చుక్కల కూర్పులతో అక్షరములనేర్పరచు ఆ లిపి 1951లో భారతీ బ్రెయిలీ రూపమున మన దేశభాషలకు ఏకరీతిగా అమరినది. కాని చూపుతోపాటు గ్రహణశక్తియు కొరవడిన బిడ్డ మాట యేమి? చుక్కలను వ్రేలికొనతో వేరుపరచి, అక్షరములుగను మాటలుగను కూర్చుకొనుట అట్టి బిడ్డలలో పెక్కండ్రకు అలవికాని పని. ఇంగ్లండులో విలియం మూన్, తాను అంధుడైయుండియు, 1845లో రోమను అక్షరములనే సులభపరచి ఉబ్బెత్తు గీతలుగా అచ్చొత్తించెను. అదియు చదువగలవారికే.

చదువు పట్టుబడనివారికి వస్తువే మాట. భోజనమునకు ముందు చెంచా, స్నానమునకు ముందు తువాలు. ప్రతిదినము అదే వస్తువును చేతికందింపవలెను. కొన్ని నెలలు పట్టవచ్చును. పిమ్మట చెంచా తగిలినంతనే అన్నము వచ్చుచున్నదని బిడ్డ గ్రహించును. ఒకనాడు ఆకలియై తానే చెంచాను వెదకి తల్లిచేతబెట్టును. అది యాతని మొదటి వాక్యము. చెంచాను త్రోసివేసినచో అదియు వాక్యమే; ఆ 'వద్దు'ను మనము మన్నింపవలెను. ఏమియు తెలుపక ఎత్తుకొనిపోయి నీళ్లు కుమ్మరించి, బిడ్డ కేకలువేసిన మొండివాడందుము! మొండితనమెవరిదో విజ్ఞులు మీరే యోచింపుడు.

వస్తువు నెన్నుకొనుటలో కన్నులున్నవారము తరచు తప్పుదుము. బొమ్మబస్సు కంటికి బస్సు. వ్రేలికి ప్లాస్టిక్ ముక్కయే. బస్సులో బిడ్డ పట్టుకొను కమ్మివంటి ముక్క మేలు. మఱియు చేయిపట్టి లాగరాదు. మన చేతిని బిడ్డ చేతిక్రింద నుంచి, ఇష్టమైనచో వెంటరానీయవలెను.

యానాము నుండి ఈ ఊరు వచ్చిన కుటుంబములలో బిడ్డ ఇంట తెలుగును, వీథిని తమిళమును, ఆసుపత్రిలో ఇంగ్లీషును వినును. చెంచా మూడుచోట్లను చెంచాయే.

చెన్నపురి పోవు తీరమార్గమున ముట్టుకాడునందు బహుళవైకల్యములు గలవారికై కేంద్రప్రభుత్వ జాతీయసంస్థ 2005లో ఏర్పడినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము సంభాషణమును నిర్వచించుచు స్పర్శద్వారా తెలుపుటను అందు చేర్చినది. నిర్వచనమున చేరిన మాటకెంత బరువో దస్త్రములు చూచు మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

మనము బదిలీలవారము. సామాను కట్టునపుడు అట్టి బిడ్డ వస్తువుల సంచిని లారీకెక్కింపక చేతనే యుంచుకొనుడు. ఏ వస్తువున కేమి యర్థమో కాగితముపై వ్రాసి క్రొత్త ఉపాధ్యాయుల కిండు. క్రొత్త ఊరిలో క్రొత్త చెంచా కొందురేమో, ఆ తొందర వలదు. సెలవు.