జబ్బుకు పేరు దొరికే దాకా
(ఎచ్చెర్లలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో రోగి ఉంటే ఆడవాళ్ల మీద పడే చాకిరీ గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. నేను అందులో ఒక్క దశ గురించే చెబుతాను. మనిషికి జబ్బు ఉందని తెలుసు, అదేమిటో తెలియదు. ఈ మధ్యకాలం నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. పింఛను అడిగితే జబ్బు పేరేమిటంటారు. అప్పు అడిగినా, బంధువుల ఇంటికి వెళ్లినా అదే ప్రశ్న. పేరు చెప్పలేకపోతే ఆమె పడే పాట్లు ఎవరి లెక్కలోకీ రావు.

మా ఆయన తాపీ మేస్త్రి. మూడేళ్ల కిందట కుడిచెయ్యి నెమ్మదించింది. తర్వాత నడక తడబడింది, వెనక్కి పడిపోవటం మొదలైంది. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నారు. మరొకరు చిన్న పక్షవాతం వచ్చిపోయి ఉంటుందన్నారు. విశాఖలో చూపిస్తే, "పార్కిన్సన్స్ కావచ్చు, దాన్ని పోలిన ఇంకో జబ్బు కావచ్చు. మందు వేసి ఒక ఏడాది చూద్దాం" అన్నారు. ఏడాది దాటింది. మందుతో చెయ్యి కాస్త తేలికపడింది కానీ పడిపోవటం ఆగలేదు. చీటీలో జబ్బు పేరు పక్కన ఇంకా ప్రశ్న గుర్తే ఉంది.

డాక్టర్లకు తెలియకపోయినా ఊరికి అన్నీ తెలుసు. "పట్టపగలే తాగేసి తూలిపోతన్నాడేటమ్మా నీ పెనిమిటి" అన్నారు. పని పోవటానికి ఆ మాట చాలింది. కొందరు చిల్లంగి అని ఒంటరిగా బతికే ఒక ముసలమ్మ వైపు వేలు చూపించారు. ఇలాంటి జబ్బుల్లో ముఖకండరాలు బిగుసుకుని నవ్వూ కోపమూ ముఖంలో కనబడవు. దానికి, "నువ్వేటి అన్నావో గానీ మనిషి మొకం మాడ్చేసుకున్నాడు" అని నన్నే అన్నారు. జబ్బుకు పేరు లేనప్పుడు, కారణంగా ఎవరో ఒక ఆడదాన్నే చూపిస్తారు. భార్యో, తల్లో, పక్కింటి ముసలిదో.

డాక్టర్లు వెంటనే తేల్చి చెప్పకపోవటానికి కారణం ఉంది. పార్కిన్సన్స్‌ను ఖాయం చేసే రక్తపరీక్ష మామూలు ఆసుపత్రుల్లో లేదు. ఎమ్మారై తీసేది ముఖ్యంగా పక్షవాతం, గడ్డ వంటివి కావని తెలుసుకోవటానికి. నడకనూ, బిగువునూ, వణుకునూ పరీక్షించి, లెవోడోపా మందుకు గుణం ఎంత ఉందో కనిపెట్టి, కాలం గడిచాక తేలుస్తారు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులతో కూడా ఇవే లక్షణాలు వస్తాయి. వేరే కారణాలతో వచ్చేవాటిలో కొన్నిటికి వైద్యం ఉంది. అందుకే "నయం కాని జబ్బట" అని ముందే చేతులెత్తెయ్యకూడదు. తెలియదని చెప్పే డాక్టరు మీద నాకు కోపం లేదు. నన్ను బయట కూచోబెట్టి, చదువుకున్న మా మరిదిని లోపలికి పిలిచి చెప్పిన వాళ్ల మీద ఉంది. ఎన్నిసార్లు పడిపోయాడో, రాత్రి నిద్రలో ఎలా కేకలు వేస్తాడో నాకు తెలుసు, మరిదికి తెలియదు. రోగి ఒప్పుకుంటే, సేవ చేసే మనిషిని డాక్టరు ఎదుట కూచోబెట్టాలి.

ఇక చట్టం. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లీరోసిస్, దీర్ఘకాలిక నరాల జబ్బులు కొత్తగా చేరాయి. మన రాష్ట్రంలో సదరం శిబిరంలో పరీక్షించి 40 శాతం, ఆపైన వైకల్యం ఉందని ధ్రువపత్రం ఇస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024లో ఈ పింఛనును నెలకు 6,000 రూపాయలు చేశారు. పరిస్థితి మారే అవకాశం ఉంటే కొంత గడువుతో తాత్కాలిక పత్రం ఇవ్వవచ్చు. వైకల్యం లేదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. "పేరు తేలాక రండి" అని నోటిమాటతో పంపిస్తే ఊరుకోకండి, రాసి ఇమ్మనండి.

సేవ చేసే మనిషి సంగతి ఇంకా వెనకబడి ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడిపితే, మగవాళ్లు 97 నిమిషాలు గడిపారు. ఇంట్లో వాళ్లను చూసుకునే పని దీనికి అదనం. 2016 చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే మాట ఉంది. కేరళ ప్రభుత్వం ఆశ్వాసకిరణం పేరుతో సంరక్షకులకు నెలకు కొంత ఇచ్చే పథకం పెట్టింది. చిన్న మొత్తమే, కానీ అది పని అని ఒప్పుకున్నారు. మన దగ్గర మాత్రం "మొగుడికి చేస్తే పుణ్యం" అంటారు. పుణ్యంతో బియ్యం రావు. నేను కూలికి వెళితే ఆయన ఒంటరిగా పడిపోతాడు, వెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఇదే భార్యకు వస్తే ఎంతమంది మగవాళ్లు ఇలా నిలబడతారో మీకు నేను చెప్పక్కర్లేదు, పుట్టింటికి పంపేసిన వాళ్లను మీరు చూసే ఉంటారు.

మనం చెయ్యగలిగినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, కాగితాలు. చీటీలు, ఎమ్మారై ఫిల్ములు, మందుల పేర్లు తేదీల వారీగా ఒక సంచిలో ఉంచాలి. ఎప్పుడు పడిపోయాడో ఒక నోటుపుస్తకంలో రాయాలి, చదువు రాని వాళ్లకు సంఘంలో ఒకరు రాసిపెట్టాలి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే ఉంది.

రెండు, ఆసుపత్రికైనా సదరం శిబిరానికైనా ఆమెను ఒంటరిగా పంపకండి, ఒకరు తోడు వెళ్లండి.

మూడు, వారానికి ఒక పూట ఎవరైనా రోగి దగ్గర కూచుంటే ఆ పూట ఆమె కూలికి వెళుతుంది, లేదా నిద్రపోతుంది. అదీ హక్కే.

నాలుగు, చిల్లంగి మాట వినబడిన రోజే ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి నిలబడండి. దెబ్బలు పడ్డాక వెళితే లాభం లేదు.

జబ్బు పేరు తేల్చటం డాక్టర్ల పని, దానికి ఎంతకాలం పడితే అంతకాలం పడుతుంది. కానీ ఆకలి, అప్పు, నింద, నిద్రలేమి, వీటికి పేర్లు ఇప్పటికే ఉన్నాయి. వీటి విషయంలో ఏ పరీక్ష ఫలితం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఈ మాట మీమీ గ్రామసంఘాల్లో చర్చకు పెట్టమని కోరుతున్నాను. సెలవు.