చెల్లెలి వేలిముద్ర



మన బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రం మారింది. భూమి కాగితాల మీద ఉర్దూ పోయి కన్నడ వచ్చింది. తండ్రి పోయాక ఇంట్లో జరిగేది మాత్రం మారలేదు. ఆదరణ కూటం అయిన వారానికే అన్నలు చెల్లెలి ముందు కాగితం పెడతారు. "హక్కు వదిలేస్తున్నానని వేలిముద్ర వెయ్యమ్మా, పుట్టింటికి రాకపోకలు ఉండాలి కదా" అంటారు. ఆ మాటలోని బెదిరింపు ఆమెకు తెలుసు. చీర తీసుకుని వేలిముద్ర వేస్తుంది. అలాంటి ఇళ్ళలో కాపరులమైన మేము ప్రార్థన చేశాం, భోంచేశాం, ఏమీ అనకుండా లేచి వచ్చాం. అది మా తప్పు.

చట్టం ఏమంటోంది? క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే మూడో వంతు తల్లిది, మిగిలింది పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు తేడా లేదు. పెళ్ళైందా అన్న ప్రశ్నే లేదు. ఆరెకరాలుంటే తల్లికి రెండు, నలుగురు పిల్లలకు తలా ఒక ఎకరం. కేరళలో మేరీ రాయ్ ఈ హక్కు కోసమే సుప్రీంకోర్టుకు వెళ్ళి 1986లో గెలిచారు.

మన హిందూ బంధువుల సంగతి కూడా తెలుసుకుందాం. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు 1994లో కర్ణాటక వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్ళైనవారికీ ఇచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

"కట్నం ఇచ్చాం కదా" అంటారు. కట్నం 1961 నుంచే నేరం. నేరాన్ని వాటా కింద ఎలా జమకడతాం?

సెలోపెహాదు కుమార్తెలు మోషేను స్వాస్థ్యం అడిగారంటే, వాళ్ళకు అన్నదమ్ములు లేరు కదా అంటారు. మరి యోబు? కొడుకులుండగానే కుమార్తెలకూ వారితో పాటు స్వాస్థ్యం ఇచ్చాడు.

అందుకే మూడు పనులు చేద్దాం. తల్లి వాటా, ఆడపిల్లల వాటా సంగతి కాపరే ఇంటివారితో ఎత్తాలి. కన్నడ చదవలేని అక్కకు కాగితం చదివి అర్థం చెప్పకుండా వేలిముద్ర వేయనివ్వకూడదు. పహాణీలో ఆమె పేరు ఎక్కేదాకా సంఘ యువకులు తోడు తిరగాలి. అన్నీ తెలిసి, ఇష్టపడి ఆమె వదులుకుంటే అది ఆమె స్వేచ్ఛ. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో వదులుకోవలసిన గతి మాత్రం మన సంఘంలో ఏ ఆడబిడ్డకూ రాకూడదు.