ఎవరి కాలికి ఏ బాట?



శామీర్‌పేట దిక్కు ఒక ఊరు ఉంది. ఆ ఊరి ఆడవాళ్లు ఏటా కార్తీక మాసంలో కీసరగుట్టకు పోతారు. పోయేది పన్నెండు మంది. గుట్ట ఎక్కేది పదకొండు మంది. ఒక పెద్దమ్మ మాత్రం కిందనే కూర్చుంటుంది.

"నాకెందుకు బిడ్డా! మోకాళ్లు గుంజుతయి. మీరు పోయి రాండ్రి. నేను చెప్పులు సూసుకుంట కూసుంట" అంటుంది.

ఇట్లా ఆమె ఎన్ని ఏండ్లు కూర్చుందో లెక్క లేదు. పదకొండు జతల చెప్పులు. పక్కన సద్ది మూటలు. వాటికి కావలి ఆమె. దిగి వచ్చినవాళ్లు ప్రసాదం తెచ్చి చేతిలో పెడతారు. పైన ఏమేమి చూశారో చెబుతారు. ఆమె వింటుంది.

ఈసారి పోయే ముందు, రాత్రిబడిలో ఈ మాట వచ్చింది. ఒక చిన్న కోడలు అడిగింది.

"పెద్దమ్మకు గుట్ట ఎక్కుడు చాత కాదా? లేకుంటే మనం ఎక్కే బాట ఆమెకు చాత కాదా?"

రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. కాని ఒకటి కాదు. మొదటి ప్రశ్న కాళ్లను తప్పు పడుతుంది. రెండో ప్రశ్న బాటను తప్పు పడుతుంది. కాళ్లను మార్చలేం. బాటను మార్చుకోవచ్చు. ఈ రోజు మాట దీని గురించే.

రాయిని తెలుసుకోవాలి

బాట ఎంచుకోవాలంటే ముందు రాయి తెలియాలి. రాయి ఎట్లాంటిదో, అడుగు అట్లా పడుతుంది.

కీసర, మౌలాలి, భువనగిరి - ఇవి గ్రానైటు గుట్టలు. నేల లోతున కరిగిన రాయి ఉండేది, బెల్లం పాకం లాగ. అది నేల కడుపులోనే మెల్లగా చల్లారింది. గట్టిపడింది. ఇది సుమారు 250 కోట్ల ఏండ్ల కిందటి మాట. తర్వాత పైన ఉన్నదంతా వానకు, గాలికి కొట్టుకుపోయింది. లోపలి బండ బయటపడింది. ఆ బండ పగిలింది. మూలలు అరిగాయి. గుండ్రటి గుండ్లు అయ్యాయి. ఒక గుండు మీద ఇంకో గుండు పేర్చినట్టు ఉంటుంది కదా! అవి ఎవరూ పేర్చలేదు.

వికారాబాద్ దిక్కు పోతే వేరే రాయి కనిపిస్తుంది. అది అగ్నిపర్వతపు రాయి. అగ్నిపర్వతం అంటే ఏంది? నేల పగిలి, కరిగిన రాయి బయటికి పొంగడం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందట దక్కన్‌లో నేల నెర్రెలు విచ్చింది. పొయ్యి మీద గంజి పొంగినట్టు రాయి పొంగింది. పొర మీద పొర పరుచుకుంది. మహారాష్ట్రలో చాలా భాగం ఆ రాయే. దాని అంచు వికారాబాద్, జహీరాబాద్ దాకా వచ్చింది. ఆ నల్ల రాయి చివికితే నల్లరేగడి అవుతుంది. ఇప్పుడు అక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. చేన్లు ఉన్నాయి.

నడిచేవాళ్లకు ఈ తేడాతో పని ఏంది? పని ఉంది. గ్రానైటు బండ ఎండిన రోజు కాలును పట్టుకుంటుంది. తడిసి పాచి పడితే జారుతుంది. బండ మీద రవ్వ ఇసుక ఉంటే గోలీల లాగ కాలి కింద దొర్లుతుంది. రేగడి నేల అట్లా కాదు. వాన పడితే చెప్పుకు అంటుకుంటుంది. ఒక్కొక్క కాలు సేరెడు బరువు అవుతుంది. అందుకే వాన పడ్డ మరునాడు రెండు తీర్ల నేల మీదా జాగ్రత్తగా ఉండాలి.

ఒక కొండ, ఎన్నో బాటలు

మాలావత్ పూర్ణ పేరు విన్నారా? నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి బిడ్డ. తల్లిదండ్రులు కూలి పని చేసేవారు. ఆమె గురుకుల బడిలో చదివింది. భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలేదు.

2016లో ఆమె ఆఫ్రికాకు పోయి కిలిమంజారో ఎక్కింది. ఆ కొండ టాంజానియా దేశంలో ఉంది. ఎత్తు 5,895 మీటర్లు. అది అగ్నిపర్వతమే. కరిగిన రాయి పొంగి, పేరుకుని అంత ఎత్తు అయింది.

ఆ కొండ పైకి పోయే బాట ఒక్కటి కాదు. చాలా ఉన్నాయి. మరంగు అనే బాటలో రాత్రి పడుకోవడానికి గుడిసెలు ఉంటాయి. మచామే అనే బాట ఎక్కువ నిటారు. అక్కడ డేరాలు వేసుకుని పడుకోవాలి. అంత ఎత్తున గాలి పలుచగా ఉంటుంది. ఊపిరి చాలదు. కాబట్టి తొందరపడి తక్కువ రోజుల్లో ఎక్కేవాళ్లలో చాలామంది మధ్యలో వెనక్కి తిరుగుతారు. ఎక్కువ రోజులు తీసుకుని మెల్లగా పోయేవాళ్లు పైకి చేరే అవకాశం ఎక్కువ. అక్కడ దారి చూపేవాళ్లు "పోలే పోలే" అంటారు. అంటే "మెల్లగ, మెల్లగ" అని అర్థం.

అంత పెద్ద కొండకే ఇన్ని బాటలు ఉంటే, కీసరగుట్టకు ఒక్క బాటనే పట్టుకుని కూర్చోవాలా?

పలక మీద ఐదు ప్రశ్నలు

రాత్రిబడిలో ఆడవాళ్లు పలకలు తీశారు. ఐదు ప్రశ్నలు రాసుకున్నారు.

1. ఎవరెవరు వస్తున్నారు? ఎవరికి ఏ నొప్పి, ఏ భయం ఉంది? వాళ్లనే అడగాలి. వాళ్ల బదులు ఇంకొకరు చెప్పకూడదు.

2. బాట ఎంత నిటారుగా ఉంది? కాలి కింద మెట్లా, బండా, రోడ్డా?

3. నీడ ఉందా? నీళ్లు దొరుకుతాయా? ఎండ ఎక్కితే బండ పెనం లాగ కాలుతుంది. పొద్దున్నే బయలుదేరాలి. నీళ్లు వెంట పెట్టుకోవాలి.

4. దిగేది ఎట్లా? ఎక్కేటప్పుడు ఊపిరికి కష్టం. దిగేటప్పుడు మోకాళ్లకు కష్టం. దిగడానికి కూడా బలం దాచుకోవాలి. చేతికర్ర ఉంటే మోకాళ్ల బరువు కొంత తగ్గుతుంది.

5. మధ్యలో ఆగితే ఎట్లా? ఎక్కడ కూర్చోవాలి? తోడు ఎవరు ఉండాలి? ఎక్కడ కలుసుకోవాలి?

తర్వాత తెలిసిన చోట్లను వరుసగా రాశారు. శామీర్‌పేట చెరువు కట్ట చదునుగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు నడక మొదలు పెట్టడానికి మంచిది. కీసరగుట్ట నడుమ రకం. మెట్లు ఉన్నాయి. బండ్లు పోయే రోడ్డు కూడా పైకి ఉంది. భువనగిరి కోట గట్టిగా నడిచేవాళ్లకు. అది ఒకే పెద్ద బండ. మెట్లు ఎత్తుగా ఉంటాయి. పైన నీడ తక్కువ.

పెద్దమ్మ పదిహేను రోజులు చెరువు కట్ట మీద నడిచింది. మొదటి రోజు కొద్ది దూరం. తర్వాత ఇంకొంచెం. మాట్లాడుకుంటూ నడవగలిగితే ఆ నడక సరైనది. మాట రాకుండా రొప్పు వస్తే ఆగాలి. ఇదే కొలత.

ఆ రోజు జరిగింది

తెల్లవారక ముందే బయలుదేరారు. మూడు జట్లు అయ్యారు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ ఆటోలో రోడ్డు మీదుగా చాలా దూరం పోయి, చివరి భాగం నడవాలి. కడుపుతో ఉన్న చెల్లె నర్సమ్మను అడిగి వచ్చింది. ఆమె కూడా ఆటోనే. మిగిలినవాళ్లు మెట్లబాట.

పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిన అక్క ఒకరు ఉన్నారు. అందరూ ఆమెను ఆటో ఎక్కించబోయారు. ఆమెకు కోపం వచ్చింది.

"నన్ను అడిగిండ్రా? పలక మీద ఏం రాసుకున్నరు?"

అందరూ తల వంచుకున్నారు. అప్పుడు ఆమెనే చెప్పింది. "మెట్లు ఒక తీరుగ ఉండయి. నా కాలు తగులుతది. రోడ్డు మీద ఎంత దూరమైనా నడుస్త. మీకంటే ఆలస్యంగ వస్త. అంతే." చిన్న కోడలు ఆమె వెంట నడిచింది. ముందు కాదు, పక్కన.

మెట్లబాటలో ఇంకొకటి జరిగింది. అందరికంటే బలమైన మనిషి ఒకామె ఉంది. నెత్తిన రెండు బిందెలతో నడుస్తుంది. ఆ రోజు ఆమె ఉపవాసం. నీళ్లు కూడా తాగలేదు. సగం మెట్లు ఎక్కేసరికి కళ్లు తిరిగాయి. "ఏం కాదు, పోదాం" అంది. తోడు ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. నీడన కూర్చోబెట్టారు. నీళ్లు తాగించారు. "దేవుడు పైన ఉంటడు గని, ఎటు పోతడు? కూసో" అన్నారు. గుండెలో నొప్పి వచ్చినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలని కూడా ముందే అనుకున్నారు. అంత అవసరం రాలేదు. ఆమె తేరుకుంది. మెల్లగా కిందికి దిగి, రోడ్డు మీదుగా ఆటోలో వచ్చింది.

వెనక్కి తిరగడం ఓడిపోవడం కాదు. వయసు చూసి బలం చెప్పలేం. నిన్నటి బలం ఈ రోజు ఉండకపోవచ్చు. అందుకే ప్రతిసారీ అడగాలి.

చివరికి పన్నెండు మందీ గుడి దగ్గర కలిశారు. పైన రామలింగేశ్వర స్వామి గుడి. చుట్టూ బండల మీద లింగాలు చెల్లాచెదురుగా ఉన్నాయి. రాముడు హనుమంతుణ్ణి లింగం కోసం కాశీకి పంపాడని, ఆయన ఆలస్యంగా 101 లింగాలు తెచ్చాడని, అప్పటికే ప్రతిష్ఠ అయిపోయిందని కోపంతో వాటిని విసిరేశాడని స్థలపురాణం చెబుతుంది. గుట్ట మీద పాత ఇటుక గోడలు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. అవి సుమారు 1500 ఏండ్ల కిందటి విష్ణుకుండిన రాజుల కాలానివి.

పెద్దమ్మ ఒక బండ మీద కూర్చుంది. కింద కనిపిస్తున్న ఊళ్లను చూసింది. చాలాసేపు మాట్లాడలేదు.

"ఏంది పెద్దమ్మా, కాళ్లు నొస్తున్నయా?"

"లేదు బిడ్డా. ఇన్నేండ్ల సంది మీరు అన్నీ చెప్పిండ్రు. లింగాలు చెప్పిండ్రు, కోతులు చెప్పిండ్రు. పైన గింత గాలి ఉంటదని ఎవ్వలూ చెప్పలే."

ఎవరూ జవాబు చెప్పలేదు. కింద చెప్పులకు ఆ రోజు కావలి లేదు. ఎవరి చెప్పులు వాళ్ల కాళ్లకే గుడి దాకా వచ్చాయి.

ఆలోచించండి, మాట్లాడండి

1. మీ ఊరి నుంచి జాతరకు పోయినప్పుడు కింద కూర్చునేది ఎవరు? వాళ్లను ఎప్పుడైనా అడిగారా?

2. మీకు తెలిసిన గుట్టకు ఎన్ని బాటలు ఉన్నాయి? పలక మీద గీయండి. ఏ బాట ఎవరికి సరిపోతుందో పక్కన రాయండి.