తాళం కాదు, న్యాయస్థానమే మార్గం



మనలో అద్దె ఇళ్లలో తలదాచుకునేవారు ఉన్నారు, ఇంటి అద్దెతోనే జీవనం సాగించే వృద్ధులు, వితంతువులు కూడా ఉన్నారు. మసీదులకు, దర్గాలకు చెందిన ముల్గీల విషయంలో మన సమాజమే యజమాని స్థానంలో ఉన్నది. కనుక ఖాళీ చేయించే హక్కును గూర్చి మనం ఒక పక్షం వహించి మాట్లాడజాలము.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. ఒప్పందం గడువు తీరినా, అద్దె బాకీ పడినా, యజమాని తనంత తానుగా తాళం వేయరాదు, సామాను వీధిలో పడవేయరాదు. బలవంతంగా వెళ్లగొట్టబడినవారు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ క్రింద ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరి సొంతమన్న విచారణ ఉండదు.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో ఖాళీ చేయించడానికి చట్టం చెప్పిన కారణం ఉండాలి. బుద్ధిపూర్వకంగా అద్దె చెల్లించకపోవడం, వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరులకు అద్దెకివ్వడం, కట్టడానికి నష్టం కలిగించడం, యజమానికి నిజమైన సొంత అవసరం కలగడం వంటివి రెంట్ కంట్రోలర్ ఎదుట రుజువు కావాలి. అయితే 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లకు ఈ రక్షణ లేదు. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు నెలవారీ అద్దెదారుకు 15 దినాల నోటీసు ఇవ్వాలి. గడువు ముగిసినా అతడు కదలకపోతే సివిల్ కోర్టుకు వెళ్లవలసినదే.

అద్దెదారులు ప్రతి చెల్లింపుకు రసీదు అడగాలి. యజమాని అద్దె పుచ్చుకోనంటే మౌనంగా ఊరుకోరాదు. ఆ మౌనమే రేపు ఎగవేతగా చిత్రింపబడుతుంది. బ్యాంకు ద్వారా పంపి ఆధారం భద్రపరచాలి. అద్దె నియంత్రణ చట్టం వర్తించేచోట కంట్రోలర్ వద్ద జమచేసే మార్గం కూడా ఉన్నది.

ఇక వక్ఫ్ ముల్గీల సంగతి. హైదరాబాదులోని సుగ్రా హుమాయూన్ మీర్జా వక్ఫ్ కేసులో, కిరాయిదారును ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టుకే చెందుతుందని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2013 సవరణ అట్టి వివాదాలను వక్ఫ్ ట్రిబ్యునల్ పరిధిలోకి తెచ్చింది. లీజు గడువు తీరినా కదలనివారిని ఆక్రమణదారుల నిర్వచనంలో చేర్చింది. తాతల నాటి అద్దె చెల్లిస్తూ, అదే ముల్గీని మరొకరికి ఎన్నో రెట్లకు ఇచ్చుకొనేవారు దీనిని గమనించాలి. వారు మిగుల్చుకునే సొమ్ము అనాథల, విద్యార్థుల హక్కు. అట్లని ముతవల్లీ కూడా మనుషులను పంపి షట్టరు దింపించరాదు. ట్రిబ్యునల్ ఉత్తర్వే అతని బలం.

మాట నిలుపుకోవడం మన ధర్మం. మనకు ఇల్లు నిరాకరించినవారిని ప్రశ్నించే నైతిక బలం, మన గడపలో మనం పాటించే న్యాయం నుంచే లభిస్తుంది. కనుక ప్రతి మసీదు కమిటీ తన ముల్గీల అద్దె, లీజు గడువు వివరాలను జమాఅత్ ముందు ఉంచవలసినదిగా, ప్రతి కుటుంబం తన ఒప్పందాన్ని కాగితంపై వ్రాసుకొనవలసినదిగా మేము విన్నవించుకొంటున్నాము.