భిన్నంగా ఎదిగే బిడ్డ – సంఘం బాధ్యత
(మందిర్ హసౌద్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ మందిర్ హసౌద్ నుండి ఆరంగ్ మీదుగా సాగే రహదారి మనలను సిర్పూరు వైపు తీసుకుపోతుంది. మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు అక్కడ కట్టించిన విహారాన్ని చూసి మనమందరం గర్విస్తాము. చరిత్ర బోధించే మేము ఆ శిథిలాలను గురించి అనేక పర్యాయాలు మాట్లాడాము. నేడు వేరొక ప్రశ్న అడగదలచాము. మాట ఆలస్యమైన బిడ్డకు, పిలిచినా తిరిగి చూడని బిడ్డకు, అక్షరాలు తారుమారయ్యే బిడ్డకు మన విహారంలో చోటున్నదా?

ఇటువంటి బిడ్డ ఉన్న ఇంటికి ముందుగా చేరే మాట ‘పూర్వజన్మ పాపం’. సంయుత్త నికాయంలో సీవకుడు ఇదే సంగతి అడిగినప్పుడు బుద్ధుడు పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు మొదలుగా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే. అంతా పూర్వకర్మయే అనేవారు తాము ఎరిగిన దానిని మించి పలుకుతున్నారని కూడా చెప్పాడు. పూర్వకర్మ వాదం సమాజాన్ని బాధ్యత నుండి తప్పిస్తుందని బాబాసాహెబ్ 1957లో వెలువడిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో విమర్శించారు. ఆటిజం మెదడు ఎదుగుదలలోని భేదం. తల్లి పెంపకం దానికి కారణం కాదు.

చూళపంథకుని కథ మనకు తెలిసినదే. నాలుగు నెలలైనా ఒక్క గాథ కంఠస్థం కాలేదు. అన్నయే అతనిని వెళ్లిపొమ్మన్నాడు. బుద్ధుడు గాథను పక్కనపెట్టి, తెల్లని గుడ్డ చేతికిచ్చి, ఒకే మాట పలుకుతూ దానిని రుద్దమన్నాడు. గుడ్డ మాసింది, అతనికి అనిత్యత బోధపడింది. అట్టకథ అతని మందబుద్ధికి పూర్వజన్మ కారణం చెబుతుంది, దానిని మేము దాచము. అయితే బుద్ధుడు ఆ కారణం చూపి అతనిని విడిచిపెట్టలేదు. శిష్యుని మార్చక బోధనను మార్చాడు. తల్లిదండ్రులారా, చిత్రాలతో, చేతిపనితో, ఒకే పనిని పదిమార్లు ఓపికగా చేయించి మీరు ఇంట్లో చేస్తున్నది ఇదే.

చట్టం కూడా మీ వెంట ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, బుద్ధిమాంద్యం ఉన్నాయి. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ధ్రువీకరణ పొందిన బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. తెలుగులో సలహా కావలసినవారికి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి జాతీయ సంస్థ ఉన్నది. ధ్రువపత్రం తీసుకోవడం బిడ్డకు మచ్చ అని సంకోచించకండి.

ఇక మిగిలిన మనకు ఒక విన్నపం. వందన సమయంలో బిడ్డ కేకవేస్తే తల్లి వైపు తిరిగి చూడకండి. మైకు శబ్దం తగ్గించండి. తలుపు దగ్గర చాప వేసి ఉంచండి, బిడ్డ లేచి తిరగవచ్చు. ‘ఎప్పుడు నయమవుతుంది’ అని అడగకండి. వారానికి ఒక్క గంట ఆ బిడ్డను మీరు చూసుకొని, ఆ తల్లిని నిద్రపోనివ్వండి. మైత్రీభావన అక్కడ మొదలవుతుంది.

భవతు సబ్బ మంగళం.