అన్నీ ముసలితనం ఖాతాలో రాయవద్దు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. రోగిగా తెలుసుకున్న నాలుగు విషయాలు మీ ముందుంచుతాను.

2018లో నాకు థైరాయిడ్ ఎక్కువైంది. చేతుల వణుకు, గుండెదడ, ఎంత తిన్నా చిక్కిపోవడం. రేడియో అయోడిన్ మందు ఇచ్చారు. ఇది కొత్త వైద్యమేమీ కాదు. 1941లోనే అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ ప్రారంభించారు. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను పీల్చుకుంటుంది గనుక మందు అక్కడికే చేరి, అతిగా పనిచేసే కణాలను నశింపజేస్తుంది. దడ తగ్గింది. అయితే ఆ తర్వాత చాలామందికి గ్రంథి బొత్తిగా మందగిస్తుంది. అది వైద్యం వికటించడం కాదు. డాక్టర్లు ముందే ఊహించే ఫలితం.

నాకు నాలుగో నెలలో మొదలైంది. నడివేసవిలో దుప్పటి కావలసి వచ్చింది. మలబద్ధకం, ఒళ్ళు బరువు, బొంగురు గొంతు, మతిమరుపు, కూర్చున్నచోటే కునుకు. చూడవచ్చినవారంతా "వయసు మీద పడింది" అన్నారు. మా ఆవిడ మాత్రం "నాలుగు నెలల్లో పదేళ్ళ ముసలితనం వస్తుందా?" అని పరీక్షకు బయలుదేరదీసింది.

మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మన పై ఆఫీసు వంటిది. అది పంపే రిమైండరే టి.ఎస్.హెచ్. కింద సెక్షనులో పని ఆగితే రిమైండర్లు పెరుగుతాయి. అందుకే టి.ఎస్.హెచ్. పెరిగితే థైరాయిడ్ తగ్గిందని అర్థం. కాని వైద్యం జరిగిన కొత్తలో, అంతకాలం మౌనంగా ఉన్న పై ఆఫీసు కొన్ని నెలలు కదలకపోవచ్చు. కనుక అప్పుడు ఫ్రీ టి-4 కూడా చూడాలి. నా సంగతి బయటపెట్టింది ఆ పరీక్షే.

దీనికి మందు థైరాక్సిన్ మాత్ర. సాధారణంగా జీవితాంతం వాడాలి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పెద్ద వయసువారికి, గుండెజబ్బు ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. త్వరగా సన్నబడాలని సొంతంగా మాత్ర పెంచితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. బాగానే ఉందని మానేస్తే జబ్బు తిరిగివస్తుంది.

కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు ఒక మనవి. థైరాయిడ్ వైద్యమైన పెద్దవారు చలి అన్నా, మందకొడిగా మారినా, చాదస్తమని కొట్టిపారేయకండి. ఒకసారి రక్తపరీక్ష చేయించండి. మిత్రులారా, బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. మాత్ర కుదుటపడినవారు కూడా ఆ వారంలోనే టి.ఎస్.హెచ్. చేయించుకుంటే గుర్తుంటుంది. బతికి ఉండటమే కాదు, చురుకుగా బతకడమూ మనకు రావలసిన బకాయే.